పన్నెండు ద్రాక్షలు

పాత ఏడు పోయే రాత్రి
గడియారం కొట్టే ఒక్కో గంటకీ ఒక్కో ద్రాక్ష,
ఒక్కో ద్రాక్షకీ ఒక్కో కోరిక. వాల్పరైసోలో అదీ వాడుక.
రేవు మీద బాణసంచా పేలుతుంటే
అక్క ఇల్లడిగింది, కొడుక్కి ఉద్యోగమడిగింది.
నేను పుస్తకాలడిగాను.
పన్నెండు.
తొమ్మిదో ద్రాక్ష వేళ్ళలోంచి జారి
మామయ్య బూటు కిందికి దొర్లింది.
"అపశకునమే ఎదెల్మీరా!" అంది అక్క.
పోనీ, పదకొండు చాల్లే అన్నాను.
అంతకు ముందు ఏడంతా నేను చదివింది
మందుసీసాల మీది చీటీలు, కరెంటు బిల్లులు,
చర్చి తలుపుకి అంటించే చావు కబుర్లు.

నా పని కొండ కింద, లిఫ్టు గేటు దగ్గర.
చిల్లర తీసుకుంటాను, గేటు తిప్పుతాను, గంట కొడతాను.
పైన ఎలెయుతేరియో మీట లాగుతాడు.
గిలక మీద రెండు చేదల్లాగా
ఒక పెట్టె ఎక్కుతుంటే ఇంకో పెట్టె దిగుతుంది.
ఆ మధ్య తొంభై సెకన్లు నావి.
తొంభై సెకన్లంటే ఒక పేజీ,
అచ్చు సన్నమైతే ముప్పాతిక.

జనవరి, మండు వేసవి.
ఐస్‌క్రీము కారుతున్న చేతుల్తోనే టికెట్లడిగే జనం మధ్య
ఉప్పు ఎడారిలో తప్పిపోయిన గాడిద కథ ముగించాను.
గోడ మీద సుద్దతో ఒక గీత.
మార్చిలో తేనెటీగల పెంపకం.
నాకు పెరడే లేదు, ఈగలెక్కడివి?
అయినా రాణి ఈగ చచ్చిపోయే చోట
గేటు తిప్పడం మర్చిపోయి ఏడ్చాను.

రోజూ పొద్దున ఎక్కే వెన్సెస్లావో తాతకి
చూపు ఆనదు.
"నిన్న ఆ గాడిద ఏమైంది?" అంటాడు.
నేను చెబుతున్నంత సేపూ
కోటు జేబులో నాణేలు వెతుకుతూనే ఉంటాడు.
వెనకాల వరస సణుగుతుంది.
నాణేలు మొదట్నుంచీ గుప్పిట్లోనే ఉన్నాయని
నాకు ఏప్రిల్లో గాని తెలీలేదు.

మేలో ఇనప తాడు తెగింది.
పెట్టెలు ఖాళీవే, ఎవరికీ ఏమీ కాలేదు.
గేటుకి మునిసిపాలిటీ కాగితం, నాకు సగం జీతం,
చదువుకోవడానికి రోజుకి రోజంతా.
ఒక్క పేజీ కదలలేదు.
కుర్చీ మార్చాను. దీపం మార్చాను.
అక్క కళ్ళజోడు పెట్టి చూశాను.
సూది బెజ్జం దొరకని దారంలా
ఒకే వాక్యం చుట్టూ జూన్ అంతా తిరిగాను.
రేకు మీద వాన. పొయ్యి మీద పప్పు మాడింది.
"నెలకొకటి అన్నావుగా, ఎక్కడిదాకా వచ్చింది?"
వడ్డీకిచ్చినవాడిలా ఆదివారం ఆదివారం అడిగేది అక్క.
పుస్తకం మంచం కిందికి తోసి
గిన్నెలు తోమాను, తోమినవే మళ్ళీ తోమాను.

సెప్టెంబరులో కొత్త తాడు వేశారు.
మొదటి గంట కొట్టాను. పెట్టె కదిలింది.
నా చెయ్యి దానంతటదే
కుర్చీ కింద సంచిలోకి పోయింది.
పెట్టె పైకి చేరేసరికి పేజీ తిప్పాను.
ఎలెయుతేరియో పైనుంచి అరిచాడు, ఏమైంది, ఎందుకా నవ్వు అని.
ఏం చెప్పను?

డిసెంబరు ముప్పై ఒకటి.
గోడ మీద గీతలు ఏడు.
"ఏడేనా?" అంది ద్రాక్షలు కడుగుతూ అక్క.
పొద్దున తాత వేసిన లెక్క వేరు:
"నీవి ఏడు, నేను విన్నవి ఏడు, పద్నాలుగు!
నువ్వే నాకు రెండు బాకీ పడ్డావు"
ఎలా బాకీయో అర్థం కాలేదు. వాదించలేదు.

ఎనిమిదో పుస్తకం నూట పదహారో పేజీలో ఉంది,
ఒక చిరిగిన టికెట్టు గుర్తుగా.
తుపానులో చిక్కిన పడవ,
అందులో ఒక వంటమనిషి, బాతు.
బాతు బతుకుతుందా అని తాత అడిగాడు.
తెలీదన్నాను.
ఈసారి ద్రాక్షలకి కోరికలేవీ అనుకోలేదు.
ఎల్లుండి ఏడింటికి గేటు తెరవాలి.